ఒకే వారంలో పల్లీసభ, శివరాత్రి నాటకం, మహేంద్రగిరి ప్రయాణం: పెద్దల సలహా కావాలి

వంశధార ఒడ్డు | 20 ఫిబ్రవరి 2025, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్‌కు దగ్గరగా, వంశధార పక్కనున్న పల్లె. ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ నడుస్తాయి. వచ్చే వారం మా ఊళ్లో మూడు పనులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. సోమవారం 24న పల్లీసభ, అంటే ఊరివాళ్లమంతా కూడి ఊరి పనులు చర్చించే సభ, ఉంది. బుధవారం 26న మహాశివరాత్రి, ఆ రాత్రి జాగరణకు రామాలయం ముందు పౌరాణిక పద్యనాటకం వేయిస్తున్నాము. విశాఖ నుంచి మా తమ్ముడి పిల్లలు గుణుపురం ప్యాసింజరులో వస్తున్నారు. కుంభమేళా రద్దీ వల్ల పెద్ద రైళ్లలో చోటు దొరకడం లేదని వాళ్లు దీనినే ఎంచుకున్నారు. శని, ఆదివారాలలో వాళ్లను ఎక్కడికైనా తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఈ మూడూ వేరువేరు పనులుగా కనిపిస్తాయి గాని, నా మనసులో మొదటి రెండూ ఒకే ముడి. మా నాటకాల రంగస్థలం మా తాతల నాటిది. పైకప్పు రేకులు రెండేళ్ల క్రితం గాలివానకు లేచిపోయాయి. వేదిక నాపరాళ్లు కుంగి, వేషధారి గద పట్టుకొని తిరిగితే కాలు మడతపడేలా ఉంది. ప్రతి ఏడూ పల్లీసభలో ఎవరో ఒకరు దీని సంగతి ఎత్తుతారు, అందరూ తల ఊపుతారు, అంతటితో సరి. ఈసారి అలా కాకుండా పని కాగితం మీదకు ఎక్కాలంటే ఏమి చేయాలో తెలిసినవారు చెప్పగలరు. నాటకానికి మైకు సంగతి, ప్రయాణానికి దారి సంగతి కూడా తెలియజేస్తే మేలు చేసినవారవుతారు.

విశ్రాంత పీఈఓ | 20 ఫిబ్రవరి, రాత్రి 9.55

తమ్ముడూ, పీఈఓగా, అంటే పంచాయతీ కార్యనిర్వాహక అధికారిగా, ముప్పై ఏళ్లకు పైగా పంచాయతీ పుస్తకాలు రాసిన చేతితో చెబుతున్నాను. పల్లీసభలో నోటితో అన్నది గాలిలో కలిసిపోతుంది, రిజిస్టరులో రాసినదే నిలుస్తుంది. ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం 1964లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఫిబ్రవరిలో పల్లీసభ జరగాలి, మీ వార్డు సభ్యుడే దానికి అధ్యక్షత వహించాలి, రాబోయే సంవత్సరానికి ఊరికి కావలసిన పనులను అక్కడే సిఫార్సు చేయాలి. ఆ సిఫార్సులు పంచాయతీ మొత్తానికి జరిగే గ్రామసభకు వెళ్తాయి. కాబట్టి సోమవారం మీ పని రిజిస్టరులో విడిగా, తన సొంత అంకెతో ఒక అంశంగా పడాలి. 'ఇతర అంశాలు' అనే మూటలో పడిందంటే అది ఆ మూటలోనే ఉండిపోతుంది.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు, ఆ జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 సంవత్సరాలకు పంచాయతీలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టుబడి ఉంటుంది, దానిని ముట్టుకోవడానికి వీలులేదు. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప, రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులోని 29 విషయాలలో ఊరికి అవసరమైన దేనికైనా వాడవచ్చు. ఆ జాబితాలో 21వది సాంస్కృతిక కార్యకలాపాలు. 'నాటకాల వేదికకు పంచాయతీ డబ్బా?' అని ఎవరైనా అంటే, ఈ 21వ అంశం చెప్పండి. అయితే అదే 40 శాతంలోంచి వీధి దీపాలూ, సందులలో సిమెంటు రోడ్లూ కూడా అడుగుతారు, వాళ్ల అవసరమూ నిజమే. అందుకని కొత్త కట్టడం అడగకుండా, రేకులకూ రాళ్లకూ మరమ్మతు మాత్రమే అడగండి. చిన్న అంచనాతో వెళ్లిన పని త్వరగా కదులుతుంది.

బరంపురం బాబాయి | 20 ఫిబ్రవరి, రాత్రి 10.30

నాటకం గురించి ఒక్క మాట. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి అమలులో ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం సంవత్సరంలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. పన్నెండు దాటితే ఆ సడలింపు కూడా లేదు. తెల్లవార్లూ మైకు పెట్టి నాటకం ఆడించాలని నాటకం కాంట్రాక్టరుకు మాటిచ్చి ఉంటే, ముందే ఆయనతో మాట్లాడుకోండి. సగం పద్యంలో పోలీసులు వచ్చి మైకు ఆపమంటే, వేషం కట్టిన కళాకారుడికి అంతకన్నా అవమానం లేదు. మా వైపు ఒకసారి అలా జరిగింది. ఆ కృష్ణుడు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకొని వేదిక అంచున కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

పాతపట్నం కోడలు | 21 ఫిబ్రవరి, ఉదయం 6.15

అన్నయ్యగారూ, నేను ఆంధ్ర వైపున్న పాతపట్నంలో పుట్టి పర్లాకిమిడి పక్క ఊరికి కోడలిగా వచ్చాను. పుట్టింటికీ అత్తింటికీ మధ్య నాలుగు మైళ్లు కూడా లేవు, అయినా అక్షరాలు మారిపోయాయి. నాకు ఒడియా మాట్లాడడం వచ్చును, చదవడం రాదు. మా పంచాయతీ నోటీసు గోడకు అతికించి ఉంటే, దాని ముందు నిలబడి దారినపోయే బడిపిల్లలను పిలిచి చదివించుకునేదాన్ని. పంచాయతీలలో సగం స్థానాలు ఆడవాళ్లకే ఉన్నాయి, మా వార్డు సభ్యురాలు కూడా ఆడమనిషే. కాని పల్లీసభకు వెళ్లిన మాలాంటివాళ్లం వెనక చాప మీద కూర్చొని, పుస్తకంలో ఏమి రాశారో తెలియకుండానే సంతకం పెట్టి వచ్చేవాళ్లం.

గత ఏడాది ఒక పని చేశాము. ఇంటరు చదివే మా అమ్మాయిని నాతో తీసుకెళ్లాను. పీఈఓ గారు ఒక్కొక్క అంశం రాస్తుంటే, అది పక్కన నిలబడి చదివి, అక్కడికక్కడే మాకు తెలుగులో చెప్పింది. ఎవరూ వద్దనలేదు. మీ ఊళ్లోనూ చదువుకున్న పిల్లలు ఉంటారు. నాటకం పనులకు పరుగెత్తే పిల్లలనే ఆ పూట పల్లీసభకు కూడా తీసుకెళ్లండి.

రాయగడ రైలు | 21 ఫిబ్రవరి, ఉదయం 9.05

చెల్లెమ్మ చెప్పిన ఉపాయం మంచిదే, కాని మన పని పిల్లల చేత చదివించుకోవడంతో ఆగిపోకూడదు. ఇన్ని వేలమంది తెలుగు మాట్లాడే సరిహద్దు పంచాయతీలలో నోటీసు కింద నాలుగు తెలుగు ముక్కలు రాయడం ఎంత పని? అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 సవరణతో చేరింది. మా చిన్నప్పుడు మా వీధిలో తెలుగు బడి ఉండేది, ఇప్పుడు ఆ గదిలో పాత బెంచీలు పేర్చి ఉన్నాయి. చదువు పోయాక నోటీసు పోయింది. అడగనివాడికి ఎవరూ పెట్టరు. ఆంధ్ర, ఒడిశాల మధ్య వంశధార నీళ్ల వాటా, నేరడి బ్యారేజీ సంగతి కూడా ఇలాగే ఏళ్ల తరబడి నాన్చబడింది.

నిర్వాహకులు | 21 ఫిబ్రవరి, ఉదయం 9.40

నేరడి సంగతికి వేరే చర్చ నడుస్తోంది, దానిని అక్కడే కొనసాగించవలసిందిగా మనవి. ఇక్కడ సోమవారం సభకు, శివరాత్రి నాటకానికి, ప్రయాణానికి పనికివచ్చే మాటలు రాయండి.

గుణుపురం మాస్టారు | 21 ఫిబ్రవరి, సాయంత్రం 5.20

రాయగడ మిత్రుని బాధ నాది కూడా. తెలుగు బడి మూతపడిన బాధ నేను మాస్టారుగా దగ్గరనుంచి చూశాను. అయినా పంచాయతీ దగ్గరకు వచ్చేసరికి నా ఆలోచన కొంచెం వేరు. ఈ రాష్ట్రంలో సర్పంచ్ పదవికి నిలబడేవారికి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలని 1964 చట్టమే చెబుతోంది. మన ఊళ్లలో మంచి మనిషి, నలుగురికీ తలలో నాలుకలా ఉండేవాడు, ఈ ఒక్క నిబంధన దగ్గర ఆగిపోయిన సందర్భాలు నాకు తెలుసు. ఇప్పటి పంచాయతీలు 2022 ఫిబ్రవరిలో ఎన్నికయ్యాయి. అయిదేళ్ల గడువు అంటే ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లలో మన ముప్పై, నలభై ఏళ్ల వాళ్లు రాత్రిపూట కూర్చొని ఒడియా అక్షరాలు దిద్దుకుంటే, ఎన్నికల నాటికి పుస్తకం చదవగల మనిషి మనలోంచే నిలబడతాడు.

ఇది తెలుగును వదులుకోవడం అని ఎవరూ అనుకోకూడదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పంతులుగా ఉండగానే కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. పొరుగువాడి భాష నేర్వడం వల్ల ఆయన తెలుగు తగ్గిందా? తెలుగు రాతకే ఆయన దారి మార్చారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆయన మనసు కష్టపెట్టుకొని రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయినవాళ్ల సంతానం. ఉండిపోయినందుకు ఇక్కడి పుస్తకం చదవడం మనకు రావాలి, అందులో తెలుగువాళ్ల పని కూడా రాయించడం రావాలి.

రాయగడ రైలు | 21 ఫిబ్రవరి, రాత్రి 8.10

మాస్టారూ, మీ మాటను కాదనను. రెండూ చేద్దాము. అక్షరాలు నేర్చుకుందాము, తెలుగు నోటీసు కోసం అర్జీ కూడా పెడదాము. అర్జీ ముసాయిదా నేను రాసి ఈ చర్చలోనే పెడతాను.

మహేంద్రతనయ | 22 ఫిబ్రవరి, ఉదయం 7.30

ఇక ప్రయాణం సంగతి. పిల్లలు వస్తున్నారంటే జిరంగ్ గాని, మహేంద్రగిరి గాని చూపించాలి. రెండూ రెండు రోజుల్లో సర్దాలని చూడకండి, పిల్లలకు గుర్తుండేది జీపు కిటికీ మాత్రమే అవుతుంది.

జిరంగ్ మన జిల్లాలోనే, చంద్రగిరి దగ్గర ఉంది. 1963లో టిబెట్ నుంచి వచ్చినవారికి అక్కడ చోటు ఇచ్చారు. చలికాలంలో మన శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో స్వెట్టర్లు అమ్మే టిబెటన్లను చూసే ఉంటారు, అలాంటివారి ఊళ్లే అవి. కొండల నడుమ మొక్కజొన్న చేల పక్కన ఎగిరే రంగురంగుల జెండాలు, పద్మసంభవ మహావిహారం, లోపల నిలువెత్తుకన్నా ఎంతో పెద్దదైన బుద్ధ విగ్రహం చూడవలసినవే. ఆ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. అటునుంచి బరంపురం వైపు దిగితే దారిలో తప్తపాని వేడినీటి ఊట తగులుతుంది.

కాని ఇది శివరాత్రి వారం గనుక నా ఓటు మహేంద్రగిరికే. ఎత్తు 1501 మీటర్లు. ఒడిశాలోని ఎత్తైన శిఖరాలలో ఇది ఒకటి. పర్లాకిమిడి నుంచి రాయగడ బ్లాకు, కోయిన్‌పూర్ మీదుగా వెళ్లాలి. ఈ రాయగడ మన గజపతి జిల్లాలోని బ్లాకు, రైలు జంక్షను ఉన్న రాయగడ కాదు. ఈ రెంటినీ తికమకపడి ఫోనులో దారి పెట్టుకొని అటుపోయినవారు ఉన్నారు. పైన కుంతి, ధర్మరాజు, భీముడు పేర్లతో మూడు రాతి గుడులు ఉంటాయి. కుంతి గుడిలోని గోకర్ణేశ్వరుడు తూర్పు గాంగ రాజులకు ఇలవేల్పు. శ్రీముఖలింగం గుడులు కట్టించిన వంశమూ అదే. చోళులు ఇంత దూరం వచ్చి శాసనం చెక్కించి వెళ్లిన కొండ కూడా ఇదే. భీముని గుడి అన్నిటికన్నా పైన, మేఘంలో ఉంటుంది. చిన్న గుడే గాని, దాని రాళ్ల పరిమాణం చూస్తే, మనిషన్నవాడు వాటిని అంత ఎత్తున ఎలా పేర్చాడో ఊహకు అందదు. ఆకాశం తేటగా ఉన్నరోజు తూర్పున సముద్రం కనబడుతుంది.

శివరాత్రి నాడు విపరీతమైన రద్దీ ఉంటుంది, వెళ్లవద్దు. శనివారానికి పలచబడుతుంది. తెల్లవారుజామున బయలుదేరండి, ఉన్ని బట్టలు తీసుకోండి, తినుబండారాలు ఇంటినుంచే పట్టుకెళ్లండి, ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా పైన వదలకండి. జీపు దిగేటప్పుడు రెండో గేరులోనే దిగాలి, బ్రేకు మీద భారం వేయవద్దని డ్రైవరుకు ముందే గట్టిగా చెప్పండి.

వంశధార ఒడ్డు | 22 ఫిబ్రవరి, రాత్రి 9.00

అందరికీ కృతజ్ఞతలు. మహేంద్రగిరికే వెళ్తాము. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా తానూ వస్తానని పట్టుబట్టింది. పన్నెండేళ్ల వయసులో వాళ్ల నాన్న వెంట కాలినడకన ఆ కొండ ఎక్కిందట. ఎలాగో తీసుకెళ్తాను. సోమవారం సభ అయ్యాక రాస్తాను.

వంశధార ఒడ్డు | 24 ఫిబ్రవరి, సాయంత్రం 7.10

సభ జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎవరికైనా పనికిరావచ్చు.

పొద్దున పదింటికి బడి వరండాలో చాపలు పరిచారు. మామూలుగా పదిహేను, ఇరవైమంది వచ్చే సభకు ఈసారి డెబ్బైమందికి పైగా వచ్చారు. దానికి కారణం నాటకమే. ముందురోజు రాత్రి నాటకం చందాలకు ఇల్లిల్లూ తిరిగిన పిల్లలు, చందా రసీదు చేతిలో పెట్టి, రేపు పల్లీసభలో రంగస్థలం సంగతి వస్తుంది, తప్పక రండని ప్రతి గడపలోనూ చెప్పి వచ్చారు. చందా ఇచ్చినవాడికి రంగస్థలం మీద హక్కు ఉన్నట్టు అనిపిస్తుంది గదా, ఆ హక్కుతోనే వచ్చారు.

మొదట మంచినీటి కొళాయిల సంగతి చాలాసేపు నడిచింది, నడవవలసినదే. కింది వీధిలో మూడు నెలలుగా నీళ్లు సన్నగా వస్తున్నాయి. తరువాత ఇళ్ల జాబితా. మా అంశం వచ్చేసరికి పన్నెండున్నర అయింది, కొందరు లేవబోయారు. అప్పుడు మా పక్కింటి అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది, పీఈఓ గారి కుర్చీ పక్కకు వెళ్లి నిలబడింది. ఆయన రాసిన ప్రతి వాక్యాన్ని పైకి చదివి, తెలుగులో చెప్పింది. పాతపట్నం చెల్లెలి మాట విని చేసిన పని ఇది.

ఎంత మేలు జరిగిందో చూడండి. మేమంతా రంగస్థలం, రంగస్థలం అని అంటుంటే, రిజిస్టరులో 'క్లబ్ ఘర్' మరమ్మతు అని పడింది. పీఈఓ గారు వేరే ఊరివారు, చెడు ఉద్దేశంతో రాసినది కాదు, ఆయనకు అలా అర్థమైంది. కాని మా ఊళ్లో క్లబ్ ఘర్ అంటే కుర్రాళ్లు క్యారంబోర్డు ఆడుకునే గది, దానికి పోయినేడే సున్నం వేశారు. అమ్మాయి వేలు ఆ మాట మీద పెట్టి, 'అయ్యా, ఇది క్లబ్ ఘర్ కాదు, రంగమంచ్' అంది. ఆయన వెంటనే ఆ మాట కొట్టివేసి, పైన రంగమంచ్ అని రాసి, కొట్టివేత పక్కన తన పొడి సంతకం పెట్టారు. ఆ ఒక్క మాట అలాగే ఉండిపోయి ఉంటే, రేపు డబ్బు వచ్చినా క్యారంబోర్డు గదికే మరోసారి సున్నం పడేది.

వీధి దీపాలు ముందా, రంగస్థలం ముందా అని కొంత వాదన జరిగింది. దీపాలు ముందు, రంగస్థలం తరువాత అని అందరమూ ఒప్పుకున్నాము. మా అంశానికి 7వ అంకె పడింది. డబ్బు ఎక్కడిదని ఒక పెద్దాయన అడిగారు, పదకొండవ షెడ్యూలు 21వ అంశం అని చెప్పాను. విశ్రాంత పీఈఓ గారికి నమస్కారం.

విశ్రాంత పీఈఓ | 24 ఫిబ్రవరి, రాత్రి 8.00

ఆ అమ్మాయికి నా ఆశీస్సులు. కొట్టివేత పక్కన సంతకం పెట్టిన ఆ పీఈఓ కూడా పద్ధతి తెలిసిన మనిషే. 7వ అంశం ఉన్న పేజీ నకలు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద ఒక దరఖాస్తు చాలు. గ్రామసభ రోజున ఆ కాగితం చేతిలో ఉన్నవాడిదే పైచేయి.

పాతపట్నం కోడలు | 24 ఫిబ్రవరి, రాత్రి 8.25

చదువుతుంటే కళ్లు చెమర్చాయి అన్నయ్యగారూ. మా అమ్మాయికి కూడా చదివి వినిపించాను.

వంశధార ఒడ్డు | 27 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3.30

రాత్రంతా జాగరణ, పొద్దున నిద్ర. ఇప్పుడే లేచి రాస్తున్నాను.

బరంపురం బాబాయిగారు చెప్పినట్టు కాంట్రాక్టరుతో ముందే మాట్లాడాము. అర్ధరాత్రి వరకు మైకుకు ఠాణాలో అనుమతి కాగితం తీసుకున్నాము, పన్నెండు కాగానే ఆపేస్తామని మాటిచ్చాము. ఆయన మొదట నసిగాడు. మైకు లేకపోతే వెనకవాళ్లకు వినబడదు, జనం లేచిపోతారు, కళాకారులకు ఉత్సాహం ఉండదు అన్నాడు. చివరకు ఘట్టాలను అటూ ఇటూ మార్చి, ఎక్కువ మంది పాత్రధారులు ఉండే కొలువు సన్నివేశాలు ముందుకు, ఒకరిద్దరు మాత్రమే ఉండే రాయబారం ఘట్టం పన్నెండు తరువాతకు పెట్టుకున్నారు.

పన్నెండు అయింది. మైకు కుర్రవాడు వైరు లాగేశాడు. ఆ గుంయిమనే శబ్దం ఆగిపోయేసరికి, ఒక్కసారిగా వంశధార ఇసుక మీద నడిచే గాలి కూడా వినబడింది. కొద్దిసేపు ఎవరికీ ఏమి చేయాలో తెలియలేదు. అప్పుడు హార్మోనియం ఆయన, పక్క జిల్లానుంచి వచ్చిన అరవై ఏళ్ల మనిషి, తన పెట్టె ఎత్తుకొని వేదిక పక్కనుంచి నడి వేదిక ముందుకు వచ్చి, కింద జనంలోనే కూర్చున్నాడు. ఆయనను చూసి జనం చాపలు ముందుకు లాక్కున్నారు. వెనక కుర్చీలలో కూర్చున్నవారు కుర్చీలు వదిలి వచ్చి నేల మీద కూర్చున్నారు. కృష్ణ వేషధారి వేదిక అంచుకు వచ్చి, గొంతు సవరించుకొని పద్యం ఎత్తుకున్నాడు. మైకులో వినబడనివి అప్పుడు వినబడ్డాయి: పద్యం మధ్యలో ఆయన ఊపిరి తీసుకోవడం, రాగం సాగదీసే చోట గొంతులో పుట్టే చిన్న వణుకు, హార్మోనియం మెట్ల మీద ఆయన గోళ్లు తగిలే టకటక. మూడుసార్లు వన్స్‌మోర్ అడిగారు. మూడుసార్లూ పాడాడు, మూడోసారి మొదటి దానికన్నా బాగా పాడాడు.

విశాఖ పిల్లలు తెల్లవారుజాము నాలుగు దాకా కళ్లు మూయలేదు. చిన్నవాడు నా ఒళ్లో కూర్చొని, 'పెదనాన్నా, ఇప్పుడు కృష్ణుడు నిజంగా మాట్లాడుతున్నాడు' అన్నాడు.

కుంగిన రాయి దగ్గర దుర్యోధన వేషధారి ఒకసారి తూలాడు, పడలేదు. వార్డు సభ్యుడు ముందు వరసలోనే ఉండి అది చూశారు.

బరంపురం బాబాయి | 27 ఫిబ్రవరి, రాత్రి 7.45

మీరు రాసినది చదివి మా గంజాం ప్రహ్లాద నాటకం గుర్తుకొచ్చింది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఆడతాడు, జనం దగ్గరగా చుట్టూ కూర్చుంటారు, గొంతుకే అక్కడ పెద్దపీట. జలంతర రాజుల ఆస్థానంలో పెరిగిన ఆటకు తెలుగు, ఒడియా రెండు వైపుల గాలీ తగిలింది. ఏప్రిల్‌లో బరంపురంలో ఠాకురాణి యాత్ర ఉంది. రెండేళ్లకు ఒకసారి, చైత్రంలో, బుఢీ ఠాకురాణి అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. నెల రోజులకు దగ్గరగా రాత్రిపూట ఘటాలు తిరుగుతాయి, పులి వేషాలు, రకరకాల వేషాలు వీధులన్నీ నింపుతాయి. పిల్లలను అప్పుడు మా ఇంటికి పంపండి. భోజనం, పడక మా బాధ్యత.

గుణుపురం మాస్టారు | 27 ఫిబ్రవరి, రాత్రి 9.10

మైకు ఆపాక జనం ముందుకు జరిగారన్న మాట నన్ను వదలడం లేదు. మా ఊళ్లో రాబోయే నాటకానికి అసలు మైకే వద్దని అడగబోతున్నాను.

వంశధార ఒడ్డు | 2 మార్చి, రాత్రి 8.30

నిన్న మహేంద్రగిరి వెళ్లి వచ్చాము. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, కోయిన్‌పూర్ చేరేసరికి తెల్లవారింది. అక్కడ టీ దుకాణంలో పొయ్యి దగ్గరనుంచి పిల్లలను కదిలించలేకపోయాము, అంత చలి. పైకి వెళ్లేకొద్దీ మంచు జీపు అద్దానికి పట్టి, డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు.

అమ్మ కుంతి గుడి దాకా నా భుజం పట్టుకొని నెమ్మదిగా నడిచింది. అంతకు పైకి రాలేనని అక్కడే అరుగు మీద కూర్చుంది. మేము పిల్లలతో భీముని గుడి దాకా వెళ్లాము. మహేంద్రతనయ గారు చెప్పిన రాళ్ల మీద చిన్నవాడు రెండు చేతులూ పూర్తిగా చాపి కొలిచాడు, ఒక్క రాయి వాడి చేతులకు అందలేదు. తడిగా, మంచుముక్కలా చల్లగా ఉంది ఆ రాయి. సముద్రం కనబడలేదు, తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. పిల్లలు కొంత నిరాశపడ్డారు.

దిగివచ్చేసరికి అమ్మ పక్కన ఆమె వయసే ఉన్న ఒడియా ముసలమ్మ కూర్చొని ఉంది. మోహనా వైపునుంచి కొడుకుతో వచ్చిందట. అమ్మ తెలుగులో అడుగుతోంది, ఆమె ఒడియాలో చెబుతోంది, ఇద్దరికీ అన్నీ అర్థమవుతున్నాయి. మేము తెచ్చిన చిమ్మిలి ఉండలు సగం ఆమె కొంగులో ఉన్నాయి. ఆమె తండ్రి కూడా చిన్నతనంలో ఆమెను నడిపించుకొని వచ్చాడట. ఇద్దరూ ఏ దారిన ఎక్కారు, ఏ ఊట దగ్గర నీళ్లు తాగారు అని పోల్చుకుంటుంటే, పిల్లలు నిలబడి విన్నారు.

దిగేటప్పుడు చెప్పినమాట వినకుండా డ్రైవరు కొంతదూరం బ్రేకు మీదే దింపాడు. కాలిన వాసన రాగానే ఆపించి, చక్రాలు చల్లారేదాకా అరగంట రోడ్డు పక్కన కూర్చున్నాము. ఆ తరువాత రెండో గేరులోనే వచ్చాడు. వెళ్లేవారు ఈ సంగతి మరువవద్దు. మేము తెచ్చిన కవర్లన్నీ, దారిలో ఏరిన మరి కొన్నీ, సంచిలో వేసి పర్లాకిమిడి దాకా తెచ్చి చెత్తబండిలో వేశాము.

మహేంద్రతనయ | 2 మార్చి, రాత్రి 9.15

సముద్రం కోసం కార్తీకంలో మళ్లీ రండి, వానలు వెలిశాక ఆకాశం అద్దంలా ఉంటుంది. అమ్మగారు సుఖంగా వెళ్లి వచ్చినందుకు చాలా సంతోషం.

రాయగడ రైలు | 3 మార్చి, ఉదయం 8.20

తెలుగు నోటీసు కోసం బీడీఓ (బ్లాకు అభివృద్ధి అధికారి) గారికి ఇవ్వవలసిన అర్జీ ముసాయిదా సిద్ధమైంది. ఒడియాలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి రాశాను. ఒడియా ప్రతిని గుణుపురం మాస్టారు ఒకసారి దిద్దిపెట్టాలి. పల్లీసభలో పాల్గొనేవారికి ఏమి నిర్ణయించబోతున్నారో ముందే చదువుకునే వీలు ఉండాలని మాత్రమే అడిగాను, వేరే ఏ మాటా కలపలేదు. క్లబ్ ఘర్, రంగమంచ్ ఉదంతాన్ని ఊరి పేరు లేకుండా ఉదాహరణగా రాశాను. అభ్యంతరం ఉంటే చెప్పండి, తీసేస్తాను.

గుణుపురం మాస్టారు | 3 మార్చి, మధ్యాహ్నం 1.00

పంపు నాయనా, సాయంత్రానికి దిద్ది ఇస్తాను. ఇంకొక సంగతి, వచ్చే ఆదివారం నుంచి మా ఇంటి వరండాలో రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు ఒడియా అక్షరాలు నేర్పుతున్నాను. పలక, బలపం తెచ్చుకుంటే చాలు. ఇప్పటికి ఆరుగురు పేర్లిచ్చారు, అందులో నలుగురు ఆడవాళ్లు.

వంశధార ఒడ్డు | 3 మార్చి, సాయంత్రం 6.40

రాయగడ మిత్రమా, ఉదాహరణ ఉండనివ్వండి. ఈ రోజు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి రిజిస్టరు పేజీ నకలు తెచ్చాను. పీఈఓ గారు ముద్ర వేసి ఇచ్చారు. 7వ అంశం, రంగమంచ్, రేకుల కప్పు, వేదిక రాళ్లు, మరమ్మతు అని స్పష్టంగా ఉంది. పక్కింటి అమ్మాయి దాని కిందనే పెన్సిలుతో తెలుగు రాసి ఇచ్చింది. ఆ కాగితాన్ని నాటకం చందాల పుస్తకంలో పెట్టి, మా రామాలయం పూజారిగారి పెట్టెలో దాచాము. గ్రామసభ రోజున తీస్తాము.